మూగవోయిన మైకు



నేటి పురాణ ప్రసంగమునకు ముందు, మీ ఎదుట నిలిచియున్న ఈ పాత మైకును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమగుటకు ముందే, చందానగర్‌లో ఇన్ని అంతస్తుల ఇండ్లు లేని కాలముననే, ఇది మన దేవాలయమునకు వచ్చినది. కొన్ని మాసములుగా బొంగురుపోయి, కార్తీకమున పూర్తిగా మూగవోయినది. దీనిని పాత సామానులలో వేసి క్రొత్తది కొనవలెనని మేమే తీర్మానించితిమి.

ఆ మాట విని, భెల్ కర్మాగారమున పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న పెద్దాయన ఒకరు "ఒక్కసారి విప్పి చూడనివ్వండి" అన్నారు.

ఇందులో పలుచని పొర యొకటి, దానికి అంటిన తీగచుట్ట, చుట్టూ అయస్కాంతము ఉండును. మాటకు పొర కదలును. దానితో తీగచుట్ట కదలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఈ పద్ధతి మైకునొకదానిని 1931లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల వారు రూపొందించిరి. మీటరు పెట్టి చూడగా తీగచుట్ట తెగలేదని తేలినది. దోషమంతయు దాని చుట్టుప్రక్కలనే! జాలీ లోపలి స్పాంజి పొడియై పొరపై పేరుకొన్నది. అయస్కాంతము లాగిన ఇనుపరజను అంచున చేరినది. స్విచ్చి వద్ద టంకము ఊడినది.

ఆయన నోటితో ఊదలేదు. మెత్తని కుంచెతో పొడిని దులిపి, అగ్గిపుల్లకు జిగురుటేపు చుట్టి, ఇనుపరజనును రేణువు రేణువుగా పైకి తీసినారు. ఇనుప స్క్రూడ్రైవరును దరికి రానీయలేదు. అయస్కాంతము దానిని లాగుకొన్నచో పొర చిరిగిపోవునట. క్రొత్త స్పాంజి, తీగ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికినవి.

శనివారము ప్రసంగము ముగిసినపిమ్మట చివరి వరుసలోని అవ్వ ఒకరు మమ్ము పిలిచి, "ఇన్నాళ్ళూ పక్కవాళ్ళు తలూపితే నేనూ ఊపాను నాయనా. ఇవాళ కథ విన్నాను" అన్నది. మాకు నోట మాట రాలేదు. నవవిధ భక్తులలో శ్రవణమే మొదటిదని ఈ వేదిక మీదనుండి ఎన్ని పర్యాయములో చెప్పియుంటిమి. చివరి వరుస దాక వినబడుచున్నదా యని క్రిందికి దిగి ఒక్కనాడైనను అడుగలేదు.

పెద్దాయన సంభావన పుచ్చుకొనలేదు. మైకులోనికి ఊదవద్దు, వ్రేలితో తట్టవద్దు, ఊపిరి చెమ్మ పొరకు హాని, "గోవిందా" అని పలికి చూచిన చాలునని మాత్రము కోరినారు. నిన్న హారతి వేళ ఒక బాలుడు ఊదబోవగా, ఆ అవ్వయే లేచి వచ్చి వాని భుజము పట్టుకొన్నది.