జామీను సంతకం – పరపతి నివేదిక

(మారేడ్‌పల్లిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"నాకు అప్పులేమీ లేవు, ఈ సిబిల్ గొడవ నాకెందుకు?" అని మనలో చాలామంది అంటూంటారు. మన వయసువారికి ఆ ధీమా అంత క్షేమం కాదని మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

మనం ఉద్యోగాల్లో ఉన్న రోజుల్లో ఆఫీసు సహకార పరపతి సంఘంలో అప్పు కావాలంటే జీతం సర్టిఫికెట్టు, తోటి ఉద్యోగుల జామీను ఉంటే పని జరిగేది. మనిషిని ఎరిగినవారే పూచీ పడేవారు. వాయిదా జీతంలోంచే కోత పడేది. కాని ఒక బ్యాంకుకు ఎగవేసినవాడు పక్క వీధి బ్యాంకుకు వెళితే, ఆ సంగతి అక్కడివారికి తెలిసే మార్గం ఉండేది కాదు.

ఆ లోటు తీర్చడానికే 2000లో సిబిల్ ఏర్పడింది. 2005లో పార్లమెంటు ఇందుకు చట్టం చేసింది. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలకు బ్యాంకులు మన అప్పు ఖాతాల వివరాలు పంపుతాయి.

ఇది లేకపోతే ఏమవుతుందో మన ప్రాంతమే చూసింది. ఉమ్మడి రాష్ట్రంలో ఒకే ఇల్లాలికి పలు సూక్ష్మరుణ సంస్థలు అప్పులిచ్చాయి. ఒకచోటి వాయిదా కట్టడానికి మరొకచోట అప్పు చేసిన కుటుంబాలెన్నో. చివరికి 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ సంస్థలు పరపతి సమాచార సంస్థలో చేరి తీరాలని 2011లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది.

స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. వాయిదాలు గడువులోగా కట్టారా, క్రెడిట్ కార్డు పరిమితిలో ఎంత వాడుతున్నారు, ఈమధ్య ఎన్నిచోట్ల అప్పు అడిగారు అన్నవి ఇందులో ముఖ్యం. స్కోరుతోపాటు బ్యాంకువారు ఆదాయం, వయసు, ఇప్పటికే ఉన్న వాయిదాల భారం కూడా చూస్తారు.

ఇక అసలు విషయం. అల్లుడిగారి వ్యాపారానికో, తమ్ముడి కొడుకు చదువుకో "ఊరికే ఒక సంతకం" అంటారు. అది ఊరికే పెట్టే సంతకం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అసలు బాకీదారు ఎంత బాధ్యుడో జామీనుదారూ అంతే బాధ్యుడు. ఆ అప్పు మన నివేదికలోనూ కనిపిస్తుంది. అతను వాయిదాలు తప్పితే, రేపు ఇంట్లో ఆపరేషనుకు మనం అప్పు అడిగినప్పుడు బ్యాంకువారు ముందుగా దాని సంగతే అడుగుతారు. పిల్లలమీద నమ్మకం లేక చెబుతున్నది కాదు. జామీను ఉన్నంతకాలం ఆ ఖాతా వాయిదాల వివరం నెలనెలా అడిగి తెలుసుకోండి.

మరొక మాట. బాకీలో కొంత తగ్గించి కట్టించుకుంటే ఖాతా "సెటిల్డ్" అని నమోదవుతుంది. పూర్తిగా తీర్చితేనే "క్లోజ్డ్". తర్వాత అప్పిచ్చేవారి దృష్టిలో ఈ రెండూ ఒకటి కావు.

ఏడాదికొకసారి ప్రతి సంస్థా పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మన నివేదిక మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ఎరుగని అప్పుగాని, తీరిపోయినా బాకీగా చూపే ఖాతాగాని కనిపిస్తే వెంటనే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలనే నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. స్కోరు పెంచుతామని ఫోను చేసేవారికి మాత్రం ఓటీపీ చెప్పకండి, డబ్బు పంపకండి.

కంప్యూటరు పని రాకపోతే మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకోండి. వారికీ ఈ సంగతులు తెలిసివస్తాయి.