రేడియోధార్మిక జనకములు: పరీక్షయు, పద్దును



నిప్పు దగ్గరకు చేయి పోయినచో వేడి తగులును. కత్తి పదును కంటికి కనబడును. చెడిన ఆహారమును నాసిక పసికట్టును. అపాయము ముందున్నదని మన ఇంద్రియములు మనకు చాటి చెప్పుచుండును. రేడియోధార్మిక పదార్థము విషయములో ఈ కాపలా పనిచేయదు. దాని కిరణములకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అరచేత పట్టుకొన్నను ఆ క్షణమున బాధ తెలియదు. తెలియునప్పటికి జరుగవలసిన కీడు జరిగిపోయి యుండును. కావున దానితో పనిచేయువారు ఇంద్రియములకు మారుగా రెండు అలవాట్లను నమ్ముకొనవలసి యున్నది. ఒకటి పరీక్ష, రెండవది పద్దు. నేటి మా ప్రసంగము ఆ రెండింటిని గూర్చియే.

జనకము అనగా కిరణములు పుట్టు చోటు. కోబాల్టు-60, సీసియము-137, ఇరిడియము-192, అమెరీషియము-241 వంటి పదార్థమును కొద్దిగా తీసికొని, తుప్పుపట్టని ఉక్కుతో చేసిన చిన్న గొట్టములో నుంచి, మూతను కదలకుండ అతికివేసినచో అది సీలు చేసిన జనకమగును. పెక్కు జనకములకు ఒకదానిలో నొకటిగా రెండు తొడుగు లుండును. దానిని సీసము మొదలగు బరువైన లోహములతో చేసిన కవచములో భద్రపరతురు. ఆసుపత్రులలో క్యాన్సరు వ్రణములకు చికిత్స చేయుటకును, నౌకల యొక్కయు గొట్టపు మార్గముల యొక్కయు అతుకులలో దాగిన పగుళ్లను చూచుటకును, కాగితపు మిల్లులలో కాగితము మందమును కొలుచుటకును ఇవి ఉపయోగపడుచున్నవి. చమురు కొరకు త్రవ్విన బావులలో, భూమి అడుగున నున్న శిలల స్వభావము తెలిసికొనుటకు ఇట్టి జనకములు గల పరికరములను తాళ్లతో దింపుదురు. ఇవి లేనిదే నేటి వైద్యమునకును, పరిశ్రమకును జరుగుబాటు కష్టము. వానిని వదలివేయుట మన పని కాదు. ఎరిగి వాడుకొనుట మన పని.

ఇచట ఒక భేదమును స్పష్టముగా గ్రహింపవలెను. ఇంటిలో వెలుగుచున్న నూనెదీపమును తలచుకొనుడు. దీపమునుండి వెలుగు వచ్చుట వేరు. ప్రమిద పగిలి నూనె ఒలుకుట వేరు. దీపమును ఆవలకు తీసికొని పోయినచో గదిలో వెలుగు మిగులదు. ఒలికిన నూనె మాత్రము నేలకు, బట్టలకు, చేతులకు అంటును. దీపము పోయినను మరక పోదు. చెడని జనకమునుండి వచ్చు గామా కిరణములు ఆ వెలుగు వంటివి. వానినుండి కాపాడుకొనుటకు దూరము, కవచము, తక్కువ సమయము అను మూడు ఉపాయములు చాలును. ఒక మీటరు దూరమును రెండు మీటర్లు చేసినచో కిరణ తీవ్రత నాలుగవ వంతునకు తగ్గును. పది సెంటీమీటర్ల చోట నున్నవాడు మీటరు దూరము జరిగినచో నూరవ వంతగును. పటకారు పొడుగులో ఎంత పుణ్యమున్నదో దీనివలన తెలియగలదు. కాని తొడుగు చిట్లి లోపలి పదార్థమే బయటకు వచ్చినచో అది ఒలికిన నూనె. చేతికంటి, నోటిలోనికి పోయి, శరీరమున చేరి, లోపలినుండియే కిరణములను చిమ్ముచుండును. అప్పుడు దూరమునకు అర్థమే లేదు.

ఆ ఒలుకును మొదటనే కనిపెట్టుటకు చేయు పరీక్ష చాల సామాన్యమైనది. దానిని తుడుపు పరీక్ష అందుము. ఈ పని నేర్చుకొన వచ్చినవారికి మేము మొదట చెప్పు మాట: జనకమును గూర్చి తెలిసికొనక పెట్టెను ముట్టవద్దు. అందున్న పదార్థమేది, ఏ తేదీన ఎంత శక్తి కలదు, కవచపు కవాటము మూసియున్నదా లేదా అని పత్రములలో చూడవలెను. పిదప కొలమానమును చేతబట్టి, అది పనిచేయుచున్నదని నిశ్చయించుకొని, దూరమునుండి దగ్గరకు నడువవలెను.

తుడుచుటకు వడపోత కాగితమో, చిన్న పుల్లకు చుట్టిన దూదియో చాలును. దానిని నీటితోగాని ఆల్కహాలుతోగాని కొంచెము తడిపి, చేతికి తొడుగు వేసికొని, పటకారుతో పట్టుకొని తుడువవలెను. జనకము బలమైనదైనచో దానినే తుడుచుట తగదు. ఒకవేళ పదార్థము కారినచో ఎచట పేరుకొనునో ఆ చోటును, అనగా కవాటపు అంచులను, గొట్టపు నోటిని తుడిచిన చాలును. తుడిచిన కాగితమును సంచిలో నుంచి, జనకము సంఖ్య, తేదీ వ్రాసి, జనకమునకు దూరముగా నున్న వేరొక గదికి కొనిపోయి లెక్కింపవలెను. జనకము ప్రక్కనే లెక్కించినచో దీపము వెలుగులో మిణుగురును వెదకినట్లుండును.

లెక్కించుటలోను ఓర్పు కావలెను. ఒక పరికరము వట్టిగా నున్నపుడు నిమిషమునకు 40 గణనలు చూపినదనుకొందము. అవి మన పరిసరములలో సహజముగా నున్న కిరణముల వలన వచ్చినవి. తుడుపు కాగితము పెట్టగా 46 వచ్చినచో బెదరిపోవలసిన పని లేదు. అంతటి భేదము యాదృచ్ఛికముగా వచ్చుచునే యుండును. మరల ఎక్కువసేపు లెక్కించి చూడవలెను. పదార్థము కారుచున్నదని నిర్ణయించుటకు చిరకాలముగా వాడుకలోనున్న హద్దు 0.005 మైక్రోక్యూరీ, అనగా 185 బెకెరల్‌లు. సెకనునకు ఒక పరమాణువు విఘటన చెందుట ఒక బెకెరల్. 185 బెకెరల్‌లనగా నిమిషమునకు 11,100 విఘటనలు. మన పరికరము పదింటిలో ఒకదానిని మాత్రమే పట్టుకొనగలదైనచో నిమిషమునకు 1,110 గణనలు అదనముగా రావలెను. తన పరికరము పదింటిలో ఎన్నింటిని పట్టునో ఎరుగనివాడు గణనలను చదువవచ్చును గాని పరీక్ష చేసినవాడు కాడు. అమెరీషియము వంటి ఆల్ఫా కిరణముల పదార్థములకు వేరు పరికరము కావలెను. దళసరి గవాక్షము గల యంత్రమునకు ఆ కిరణములు కనబడనే కనబడవు.

పదార్థము కారుచున్నట్లు తేలినచో ఏమి చేయవలెను? పని ఆపవలెను. జనకమును మూసి, వేరుగా నుంచి, ఇతరులను దూరముగా నుంచవలెను. చేతులను, బట్టలను, నేలను పరీక్షించుకొని, రేడియేషన్ భద్రతాధికారికి వెంటనే తెలుపవలెను. తాను బాగు చేయుదునని స్క్రూడ్రైవరు తీయుట మాత్రము ఎన్నటికిని తగదు.

ఇక పద్దు సంగతి. దేవాలయములో స్వామివారి నగలను ఒక అధికారి మరొక అధికారికి అప్పగించునపుడు పట్టికను చదివి, ఒక్కొక్క నగను కంటితో చూచి, సంతకములు చేసికొందురు. పట్టికలో నున్నది కావున పెట్టెలో నున్నదని ఎవరును అనుకొనరు. జనకముల విషయములోను అంతే. రిజిష్టరులో జనకము సంఖ్య, పదార్థము పేరు, తేదీతోసహా శక్తి, ఉన్న చోటు, బాధ్యుని పేరు ఉండవలెను. బయటకు తీసినప్పుడును, తిరిగి ఉంచినప్పుడును వ్రాయవలెను. నియమిత కాలమున కొకసారి కొలమానముతో పోయి చూడవలెను. ఏలనన కవచపు పెట్టె ఉన్నంత మాత్రమున అందులో జనకమున్నట్లు కాదు. ఖాళీ పెట్టెకును, నిండు పెట్టెకును పైకి భేదము కనబడదు.

పద్దు ఎప్పుడు మరుగున పడును? వాడుకలో నున్నపుడు కాదు. రోజును పనికివచ్చు వస్తువును ఎవరును మరువరు. యంత్రము పాతబడినపుడు, విభాగము మారినపుడు, దానిని తెచ్చినవారు ఉద్యోగము విరమించినపుడు మరపు మొదలగును. పనిచేయుచున్న జనకముకంటె పనిమానిన జనకమే ఎక్కువ భయపడదగినది. లోకమున జరిగిన ఘోరములు ఈ మాటకు సాక్ష్యము.

బ్రెజిల్ దేశమున గొయానియా నగరములో ఒక చికిత్సాలయము వేరొక చోటికి తరలిపోవుచు సీసియము-137 గల యంత్రమును పాత భవనములోనే విడిచిపోయెను. 1987 సెప్టెంబరులో ఇరువురు మనుష్యులు పాత లోహమునకు వెల వచ్చునని దానిని విప్పి తీసికొనిపోయిరి. గొట్టము చీలెను. అందలి సీసియము క్లోరైడు ఉప్పువలె నీట కరగు పొడి. పాత ఇనుము వర్తకుడు రాత్రివేళ అది నీలముగా వెలుగుట చూచి ముచ్చటపడి, బంధుమిత్రులకు పంచెను. కొందరు దానిని ఒంటికి పూసికొనిరి. వరుసగా జబ్బుపడుచున్నవారిని చూచి ఆ వర్తకుని భార్యకు అనుమానము కలిగెను. మిగిలినదానిని సంచిలో వేయించి బస్సులో ఆరోగ్య కార్యాలయమునకు చేర్చెను. ఆమె అనుమానమే ఆ నగరమును కాపాడినది. ఆమె మాత్రము బ్రతుకలేదు. ఆరేండ్ల బాలికతో కలిపి నలుగురు మరణించిరి. లక్షకు పైగా జనులను పరీక్షింపగా 249 మందికి ఆ పదార్థము అంటినట్లు తేలెను.

ఇది ఎక్కడనో జరిగిన కథ యని మనము ఊరడిల్లుటకు వీలులేదు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత సామాను బజారులో ఇట్టిదే జరిగినది. 1968లో కెనడానుండి తెప్పించిన కోబాల్టు-60 యంత్రమొకటి ఢిల్లీ విశ్వవిద్యాలయమున చాల సంవత్సరములు వాడుకలేక పడియుండి, వేలములో పాత ఇనుము క్రింద అమ్ముడుపోయెను. కవచమును కోసి విడదీసిన చోట పనివారికి కిరణములు తగిలినవి. ఏడుగురు ఆసుపత్రి పాలైరి, ఒకరు మరణించిరి. ఇచట ఒక లెక్క చూడుడు. కోబాల్టు-60 అర్ధజీవిత కాలము సుమారు 5.27 సంవత్సరములు. 42 సంవత్సరములలో దాని శక్తి ఎనిమిది పర్యాయములు సగమై, మొదటిదానిలో రెండువందల యేబదియవ వంతు మాత్రమే మిగిలి యుండును. అంత మాత్రము మిగిలినదే ఒక ప్రాణమును తీసెను. పాతది కదా, చల్లారి యుండును అను ఊహ ఎంత మోసకరమో దీనివలన తెలియును. మన దేశమున అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడినది; ఆ యంత్రమో, అంతకు పదునైదేండ్లు ముందే వచ్చినది. పాతవానిని వెదకి క్రొత్త పద్దులో చేర్చుట ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

పద్దు సరిగా నున్నచో ఏమగునో తెలుపు ఉదాహరణ ఒకటి కలదు. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక గనినుండి పెర్త్ నగరమునకు లారీలో పోవుచున్న కొలత పరికరమునుండి సీసియము-137 గొట్టమొకటి దారిలో జారిపడెను. దాని ఎత్తు 8 మిల్లీమీటర్లు, వెడల్పు 6 మిల్లీమీటర్లు. మార్గమో, సుమారు 1400 కిలోమీటర్లు. గడ్డివాములో సూది యను సామెత కూడ చాలదు. అయినను పరికరమును విప్పి చూచినవారు లేదని గ్రహించి చెప్పిరి. ఏ వస్తువు, ఎంత శక్తి, ఏ దారిని పోయినదో పత్రములలో ఉండెను. కిరణములను పసికట్టు యంత్రములను వాహనములపై నుంచి వెదకగా ఫిబ్రవరి 1వ తేదీన రోడ్డు ప్రక్కన దొరకెను. దానిపై నున్న సంఖ్యతో సరిచూచి అదియేనని నిశ్చయించిరి. జారిపడుట దోషమే, కాని పోయినదని తెలియుటచేతనే వెదకుటకు వీలు కలిగెను. గొయానియాలో పోయినట్లు ఎరిగినవారే లేకపోయిరి.

కావున మన విశ్వవిద్యాలయములకును, ఆసుపత్రులకును, కర్మాగారములకును మేము మనవి చేయునది స్వల్పము. పాత గదులను తెరచి చూడుడు. పనిమానిన జనకమును సరఫరా చేసినవారికి మండలి అనుమతితో తిప్పి పంపుడు. వేలపు పట్టికలో చేర్చకుడు. ఉద్యోగము విడుచువారు జనకములను కంటితో చూపి అప్పగింపవలెనని నియమము చేసికొనుడు. తుడుపు పరీక్ష ఫలితము ప్రతిసారియు శూన్యముగనే వచ్చుచున్నదని విసుగు చెందకుడు. శూన్యము అని వ్రాయుటకే ఆ పరీక్ష ఉన్నది.

పాత సామాను వర్తకులును, పనివారును ఈ ప్రసంగమును వినుచున్నచో వారికి ఒక మాట. పసుపుపచ్చని పలకపై మూడు రెక్కల చక్రము వంటి గుర్తు కనబడినను, 2007 నుండి వాడుకలోనికి వచ్చిన ఎర్రని పలకపై కపాలమును, పరుగిడు మనిషియు కనబడినను, ఆకారమునకు మించిన బరువుగల పెట్టె దొరకినను దానిని కోయవద్దు, కరిగింపవద్దు, ఇంటికి కొనిపోవద్దు. దూరముగా నిలిచి, పదిమందిని దూరముగా నుంచి, పోలీసువారికి కబురు చేయుడు. పెట్టెను ముట్టుటలో సాహసము లేదు. ముట్టక నిలుచుటలోనే వివేకమున్నది.

దీపమును వెలిగించినవాడే దానిని ఆర్పి, ప్రమిదను చోట చేర్చి నిద్రించుట మన ఇండ్లలోని ఆచారము. ఈ దీపము మనము ఆర్పిన ఆరునది కాదు. తన కాలమున తానే ఆరవలెను. అందాక దానికొక చోటు, ఒక సంఖ్య, ఒక బాధ్యుడు ఉండవలెను. ఆ ముగ్గురిలో ఏ ఒక్కటి లోపించినను, ఆ లోపమునకు వెల చెల్లించునది దానిని కొన్నవారు కాదు, ఏమియు నెరుగని పేదవాడు.