చివరి మడి హక్కు



చదువు ముగించి పట్టాలు అందుకున్న మీలో చాలామందివి వ్యవసాయ కుటుంబాలు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి మన నందిగామ, జగ్గయ్యపేట వైపు వస్తుంది. మన పొలాలు కాలువ చివరి భూములు. 2014 నుంచి మధ్యలో రాష్ట్ర సరిహద్దు కూడా ఉంది.

'ఎవరి న్యాయం వారిది' అన్న మాట రచ్చబండ మీద పెద్దరికంలా వినిపిస్తుంది. కాలువ గట్టు మీద అదే మాట ఎగువ తూము మూతపడకుండా చేస్తుంది. ఆ తూము దగ్గరి రైతు దుర్మార్గుడు కాడు. తన వంతు అయ్యాక తాను మూసినా పక్కవాడు మూయడని అతని అనుమానం. అదే అనుమానం పదిమందికీ ఉంటే కాలువ కాపలా చూసే లస్కరు ఎన్నిసార్లు తిరిగినా చివరి మడి తడవదు. మొదటి మడికి ఎంత హక్కుందో చివరి మడికీ అంతే ఉందని అందరికీ గురి కుదిరితేనే వంతులవారీగా నీళ్లు పారించే వారబందీ నడుస్తుంది. అందరికీ వర్తించే న్యాయం ఒకటుందన్న నమ్మకం వేదాంతం కాదు, దాని మీదే పంట పండుతుంది.

అలాగని ఎక్కడో కూర్చుని రాసిన ఒకే పట్టిక అన్ని ఊళ్లకూ సరిపోదు. నల్లరేగడిలో పత్తికి కావలసిన తడి వేరు, వరికి వేరు. నీటి సంఘాలను ఆయకట్టు రైతులే ఎన్నుకోవాలన్న 1997 చట్టం అందుకే మంచిదని నా అభిప్రాయం. హక్కు అందరికీ ఒకటే కావాలి, గంటల లెక్క మాత్రం ఊరు తేల్చుకోవాలి.

అందరికీ ఒకటే అన్న మాట, ఊరి సొంతతనం ఒకచోట ఇమడవనే వాళ్లు జగ్గయ్యపేట ధనంబోడు శాసనం చూడాలి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలన 20వ ఏట, అంటే మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి అక్కడి స్తూపానికి ద్వారం ఎదుట నిలిపే ఆయక స్తంభాలు అయిదు ఇచ్చాడు. తండ్రి పేరు, తన ఊరి పేరు చెక్కించాడు. దానఫలం మాత్రం సకల ప్రాణుల హితసుఖాలకు చెందాలన్నాడు. తన ఊరిని మరవలేదు, తన ఊరి దగ్గరే ఆగిపోనూ లేదు.

మీలో కొందరు హైదరాబాదు వెళ్తారు, కొందరు విదేశాలకు. ఎక్కడున్నా ఊరికి వచ్చినప్పుడు నీటి సంఘం సమావేశం ఉంటే వెళ్లి కూర్చోండి. ఎగువన పొలమున్న ఇంటి పిల్లలైతే, చివరి మడి రైతు తరఫున మొదటి మాట మీరే మాట్లాడండి.