క్రీస్తును గూర్చిన సాక్ష్యము

(ఒక పఠనమందిరమున గావింపబడిన యుపన్యాసము)



యేసుక్రీస్తును గూర్చి మన పట్టణములందు రెండు విధములైన వాదములు వినబడుచుండును. అంతయు కట్టుకథయని యొకరు ఒక్కమాటతో త్రోసివేయుదురు. గ్రంథమునందున్నది గనుక అంతయు రుజువైనదని మఱియొకరు పలుకుదురు. వీరిరువురును తీర్పును ముందుగా వ్రాసికొని, పిదప కాగితములు వెదకువారే. నేడు నేను మతబోధకుడనుగా గాని ఖండనకారుడనుగా గాని మీ యెదుట నిలువలేదు. న్యాయస్థానమున దస్తావేజును పరిశీలించునట్లు ఈ విషయమును పరిశీలింతమనియే నా ప్రార్థన.

మొట్టమొదట ప్రశ్నలను విడదీయవలెను. యేసు అను మనుష్యుడు జీవించెనా? అతడు సిలువ వేయబడెనా? మరణించి తిరిగి లేచెనా? ఇవి మూడు వేఱు ప్రశ్నలు. ఒకదానికి చాలిన సాక్ష్యము మఱియొకదానికి చాలకపోవచ్చును. ఒకటి నిలువకున్నంతమాత్రమున తక్కినవియు కూలునని యనరాదు.

మొదటి రెండింటిని చూతము. రోమక చరిత్రకారుడగు టాసిటస్, తిబెరియ చక్రవర్తి కాలమున పొంతి పిలాతు ఆజ్ఞచే క్రీస్తు మరణదండన పొందెనని క్రీ.శ. 116 ప్రాంతమున వ్రాసెను. ఆయన క్రైస్తవులను ఏవగించుకొనినవాడే గాని మెచ్చినవాడు కాడు. యూద చరిత్రకారుడగు యోసేఫసు, క్రీస్తనబడిన యేసునకు సోదరుడగు యాకోబు యొక్క వధను 93 ప్రాంతమున పేర్కొనెను. ఆ గ్రంథముననే యేసును పొగడు మఱియొక భాగము గలదు. అందు తరువాతి క్రైస్తవ లేఖకులు తమ మాటలు చేర్చిరని పెక్కుమంది పండితుల యభిప్రాయము. కావున దానిపై భారము మోపరాదు. పిలాతు పేరు చెక్కిన శిల యొకటి 1961లో కైసరయలో దొరకెను. అది పిలాతు అధికారమును స్థాపించును గాని, యేసు పలికిన మాట నొక్కదానినైనను స్థాపింపదు.

వీనికంటె బలమైనది పౌలు లేఖ. ఆయన మొదట క్రైస్తవులను హింసించినవాడు. తాను యెరూషలేమునకు పోయి పేతురునొద్ద పదునైదు దినములుండి, యేసు సోదరుడగు యాకోబును చూచినట్లు గలతీయులకు వ్రాసెను. ఈ లేఖ క్రీ.శ. 48కిని 55కిని నడుమ వ్రాయబడినదని సాధారణముగా లెక్కింతురు. కల్పిత పురుషునకు సోదరుడుండుట, ఆ సోదరుని కన్నులార చూచిన సాక్షి యుండుట దుర్ఘటము. ఇక సిలువ యన్ననో, రోమకులు బానిసలకును తిరుగుబాటుదారులకును విధించిన నీచమరణము. తమ ప్రభువును గూర్చి కథ కల్పించువారు అట్టి యవమానమును కోరి కల్పింతురా? కావుననే విశ్వాసులును అవిశ్వాసులునగు చరిత్రకారులలో అత్యధికులు ఈ రెండు ప్రశ్నలకును అవుననియే చెప్పుచున్నారు.

మూడవదే అసలు వివాదము. మొదట అనుకూలపక్షమును విందము. తిరిగి లేచిన యేసును చూచినవారి పట్టిక యొకటి, ఇంచుమించు 54లో కొరింథీయులకు పౌలు వ్రాసిన లేఖలో గలదు. పేతురు, పన్నిద్దరు శిష్యులు, ఐదువందలకు పైబడిన సోదరులు, యాకోబు, తుదకు తాను. దీనిని తాను గ్రహించితిననియు చెప్పుచున్నాడు. అనగా ఈ మాట లేఖకంటె ప్రాచీనము. సమాధి శూన్యమై యుండుటను మొదట చూచినవారు స్త్రీలని నాలుగు సువార్తలును చెప్పును. స్త్రీల సాక్ష్యమునకు విలువ తక్కువగా నున్న యా సంఘమున, కల్పించువాడు అట్టి సాక్షులనెన్నుకొనడు. చెదరిపోయిన శిష్యులు, గురువు చంపబడిన నగరముననే ఆయన సజీవుడని చాటిరి. ఇది అల్పమైన సాక్ష్యము కాదు.

ఇక ప్రతిపక్షము. సువార్తలు ఆ సంగతులు జరిగిన నలువది యేండ్లు మొదలు డెబ్బది యేండ్లలోపల వ్రాయబడినవని అధికుల లెక్క. నాలుగవ శతాబ్దమునాటి సీనాయి, వాటికను ప్రతులలో మార్కు సువార్త, స్త్రీలు భయపడి పారిపోవుటతోనే ముగియును. యేసు దర్శనములను చెప్పు కడపటి పండ్రెండు వచనములు అందు లేవు. సమాధికి పోయిన స్త్రీలెందరో, దర్శనములు గలిలయలోనో యెరూషలేములోనో సువార్తలు ఏకముగా చెప్పవు. పౌలు పట్టికలో స్త్రీల ప్రసక్తియే లేదు. ఆ ఐదువందల మందిలో నొక్కరి వాఙ్మూలమును మనకు చిక్కలేదు. పౌలు తన దర్శనమును తక్కినవానితో జతపఱచెను గనుక, ఆ చూచుట ఎట్టిదను ప్రశ్నయు మిగులుచున్నది. అద్భుతమును నమ్మవలెనన్న, ఆ సాక్ష్యము అబద్ధమగుట అంతకంటె అద్భుతమై యుండవలెనని హ్యూము 1748లో వాదించెను. శిష్యులు ప్రాణములర్పించిరందురా, అది వారి నిష్కాపట్యమును చూపును గాని వారు పొరపడలేదని చూపదు.

మన నైయాయికులు ఆప్తవాక్యమును ప్రమాణముగా నంగీకరించిరి. ఆప్తుడనగా వస్తువును ఉన్నదున్నట్లు తెలిసికొని, ఉన్నదున్నట్లు చెప్పగోరువాడు. ఇందు రెండు లక్షణములు గలవు. శిష్యులు చెప్పగోరినవారనుట నిశ్చయము; ఉన్నదున్నట్లు తెలిసికొనిరా యనుటయే సంశయము. గురువును తిరిగి చూచితిమని వారు నమ్మిరన్నంతవరకు చరిత్ర మనలను కొనిపోవును. ఏల నమ్మిరనుచోట అది యాగును. ఈశ్వరుడు లోకవ్యవహారమున ప్రవేశించునని ముందే నమ్మినవానికి పునరుత్థానము సంగతముగా తోచును. నమ్మనివాడు వేఱు కారణమును వెదకును. అచ్చట త్రాసును ఒకవైపు మ్రొగ్గించునది క్రొత్త సాక్ష్యము కాదు, తూచువాని పూర్వవిశ్వాసమే. కావున ఇరుపక్షములలో నెవ్వరును తమకు డిక్రీ వచ్చినదని చాటుకొనరాదు.

అద్భుతమును విడిచి బోధను గ్రహింపరాదా యని యడుగుదురు. రామమోహనరాయలు 1820లో యేసు నీతిబోధలను అద్భుతముల నుండి వేఱుచేసి ప్రకటించెను. శ్రీరామపుర మిషనరీయగు మార్ష్‌మను దానిని తీవ్రముగా ఎదిర్చెను. క్రీస్తు లేవనిచో విశ్వాసమే వ్యర్థమని పౌలు చెప్పియుండుటచే మార్ష్‌మను కోపము నిర్హేతుకము కాదు. అయినను శత్రువును ప్రేమింపుమన్న బోధ, ఆచరణయందు తన సత్యమును తానే చూపుకొనగలదు. దానికి సమాధి సాక్ష్యము అక్కఱలేదు.

తుదకొక్క మనవి. త్రాసు ఒక్కటే కావలెను. క్రైస్తవుని అద్భుతములకు తేదీలును తాళపత్రములును అడుగువాడు, తన స్థలపురాణమునకును వానినే యడుగవలెను. మన క్షేత్రమహిమలను చూచి నవ్వు బోధకుడు తన సువార్తను అదే తూనికరాళ్లతో తూచుకొనవలెను. మన భక్తికి చాలునన్న ప్రమాణము, ప్రక్కయింటి తెలుగు క్రైస్తవుని భక్తికిని చాలునని యొప్పుకొందము. అట్లొప్పుకొనినచో వాదము మిగులును, వైరము మిగులదు. స్వాతంత్ర్యమును కోరి పొందిన జాతికి ఈపాటి న్యాయబుద్ధి భారము కాదని విన్నవించి విరమించుచున్నాను.