స్పానిష్ పాఠానికి ఇంటి భాష సాయం



ఒక భాష వచ్చినంత మాత్రాన దాన్ని నేర్పడం కూడా వస్తుందా? ఎం.ఏ.లో స్పానిష్ చదివే విద్యార్థులు ఆ భాషను ఇతరులకు బోధించాలంటే ఎలాంటి శిక్షణ కావాలన్నది ఈనాటి ప్రసంగ విషయం. స్పానిష్ ఎక్కడో స్పెయిన్ దేశపు భాష, మనకెందుకు అనుకోకండి. ఇరవై దేశాల్లో అది అధికార భాష. మన హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసం ఒక కేంద్ర సంస్థ వెలిసింది. 1972లో అది విదేశీ భాషలను కూడా చేర్చుకుంది. 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మారింది. అందరూ ఇఫ్లూ అని పిలిచేది దాన్నే. అక్కడ స్పానిష్‌లో బి.ఏ., ఎం.ఏ. చదువులున్నాయి. అలాంటి చదువు ముగించినవారిలో చాలామంది తరువాత చేసే పని పాఠాలు చెప్పడమే.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఎం.ఏ. చదువుతుండగానే ఒకచోట సాయంత్రం తరగతి అప్పగించారు. చేతికి పుస్తకం ఇచ్చారు, గది చూపించారు. శిక్షణ అంతవరకే. నా తరగతిలో బీదర్ దగ్గరి బగ్దల్ నుంచి వచ్చిన కుర్రాడొకడుండేవాడు. బుద్ధిమంతుడు, కాని ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒకరోజు ‘మే గుస్తా’ అనే వాక్యం చెప్పాను. ఇష్టాన్ని తెలిపే వాక్యమది. ఇంగ్లీషులో ‘ఐ లైక్’ అంటాం కదా, దాన్ని తలకిందులు చేసి ‘టు మి ఇట్ ఈజ్ ప్లీజింగ్’ అనుకోండి అని బోర్డు నిండా రాశాను. ఆ కుర్రాడు ఇంగ్లీషు వాక్యాన్నే పట్టుకోలేకపోయాడు, ఇక తలకిందులు చేసేదెక్కడ? నాలుగు రోజుల తరువాత తరగతికి రావడం మానేశాడు. భాష అబ్బని పిల్లవాడని నేను తీర్పు చెప్పేసుకున్నాను.

కొన్ని నెలలకు ఒక పని మీద బీదర్ వెళ్ళి, బగ్దల్‌లో వాళ్ళింటికి పోయాను. ఇంట్లో అతని అవ్వ ఉంది. కోడలితో తెలుగు, కూరలమ్మితో కన్నడం, పక్కింటావిడతో ఉర్దూ మాట్లాడుతోంది. 1956 వరకు బీదర్ హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా అని మీకు తెలుసు. రాష్ట్రాల పునర్విభజనలో ఆ జిల్లా మూడు ముక్కలై కన్నడ, తెలుగు, మరాఠీ ప్రాంతాల మధ్య పంపకమైంది. కాని ఇళ్ళల్లోని భాషలను ఎవరూ పంచలేకపోయారు. నాకు కన్నడం రాదని తెలిసి అవ్వ నవ్వింది. “మీ తెలుగుల ‘ప’ ఉన్నకాడ ‘హ’ వెట్టు సారూ. పాలు హాలు అయితయి, పులి హులి అయితది, పత్తి హత్తి అయితది. సగం కన్నడం వచ్చినట్టే” అన్నది.

ప్రతి మాటకూ అది చెల్లదు నిజమే. కాని ఆమె చేసిన పని చూడండి. నాకు రానిదాని దగ్గర మొదలుపెట్టలేదు, నాకు వచ్చినదాని దగ్గర మొదలుపెట్టింది. నేను ఎం.ఏ. చదివీ చేయలేని పని ఆమె వాకిట్లో కూర్చుని చేసింది.

తిరిగి వచ్చే దారిలో ‘మే గుస్తా’ గుర్తుకొచ్చింది. ‘మే గుస్తా ఎల్ మాంగో’ అంటే నాకు మామిడిపండు నచ్చుతుంది. పళ్ళు ఎక్కువైతే ‘మే గుస్తాన్ లోస్ మాంగోస్’, నాకు మామిడిపళ్ళు నచ్చుతాయి. చూశారా? ‘నాకు’ అనడం అదే పద్ధతి. క్రియ మనిషిని బట్టి కాక పండును బట్టి మారడం కూడా అదే పద్ధతి. తలకిందులు చేయవలసింది ఏమీ లేదు. తలకిందులైనది ఇంగ్లీషు నుంచి వచ్చినవారికే. ఆ కుర్రాడికి తెలిసిన దారిని మూసేసి, తెలియని దారిన నడవమన్నది నేను.

ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో ‘ఈజ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేచోట స్పానిష్‌లో రెండు క్రియలున్నాయి. ‘నేను టీచర్ని’ అనడానికి ఒకటి, ‘నేను ఇంట్లో ఉన్నాను’ అనడానికి ఇంకొకటి. తెలుగులోనూ ఈ రెండు వాక్యాల తీరు వేరు. మొదటిదాంట్లో మనకు క్రియే లేదు, రెండోదాంట్లో ‘ఉన్నాను’ వచ్చింది. ‘మాట్లాడతాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కరలేదు. స్పానిష్‌లోనూ ‘ఆబ్లో’ అంటే చాలు. నువ్వు, మీరు అన్న తేడా వాళ్ళకూ ఉంది. వాళ్ళ ‘త’ మన ‘త’ లాగే పళ్ళకు తగిలి పలుకుతుంది.

అయితే ఈ వంతెన అన్నిచోట్లా ఆవలి ఒడ్డు దాకా పోదు. ఇంట్లో విందు జరుగుతుందని చెప్పేటప్పుడు స్పానిష్‌లో ఆ రెండో క్రియ కాక మొదటిదే వాడాలి. బల్లకూ పుస్తకానికీ ఆడ, మగ లింగభేదం తెలుగులో లేదు, స్పానిష్‌లో ఉంది. ఉపాధ్యాయుడు వంతెన ఎక్కడ ఆగిపోతుందో ముందే చెప్పాలి. ఇక్కడ బగ్దల్ పిల్లలకు మరో సాయం దొరుకుతుంది. ఉర్దూలో ‘కితాబ్’ స్త్రీలింగమని వాళ్ళకు తెలుసు. స్పానిష్‌లో పుస్తకం పుంలింగమే కావచ్చు. కాని ప్రాణం లేని వస్తువుకు లింగమేమిటని ఆ పిల్లలు తెల్లబోరు.

మరి శిక్షణ ఎలా ఉండాలి? అమెరికా విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది స్పానిష్ తరగతులను చాలాచోట్ల పై చదువుల విద్యార్థులే నడుపుతారు. తరగతులు ప్రారంభం కాకముందే వారికి కొన్నాళ్ళు తర్ఫీదు ఉంటుంది. బోధనా పద్ధతుల మీద ఒక కోర్సు చదువుతారు. అనుభవజ్ఞులు వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం చూసి సలహా చెబుతారు. మన బి.ఎడ్. కళాశాలల్లో సూక్ష్మబోధన అనే పద్ధతి ఉంది. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్నది. కొద్దిమంది ఎదుట అయిదారు నిమిషాలు ఒక్క చిన్న పాఠం చెప్పడం, లోపాలు తెలుసుకోవడం, మళ్ళీ చెప్పడం. ఎం.ఏ. విద్యార్థులకు ఇది ఖర్చు లేని శిక్షణ.

దీనికి నేను మరో రెండు పనులు చేరుస్తాను. మొదటిది, పాఠం చెప్పబోయేవాడు తనకు బొత్తిగా రాని భాషలో ఒక గంట విద్యార్థిగా కూర్చోవాలి. నోరు పెగలకపోవడం, పక్కవాడు నవ్వితే ముడుచుకుపోవడం ఎలా ఉంటుందో తెలిసినవాడు తరగతిలో తొందరపడి కోప్పడడు. రెండవది, మొదటిరోజే ప్రతి విద్యార్థినీ ‘మీ ఇంట్లో ఏ భాషలు మాట్లాడతారు’ అని అడిగి రాసుకోవాలి. ఆ వారం చెప్పే వ్యాకరణానికి ఆ భాషల్లో ఏది దగ్గరో, ఏది దూరమో రెండు వరుసలుగా రాసి ఉంచుకోవాలి. ఇందుకు తన భాషనే కొత్తగా చదువుకోవలసి వస్తుంది. అది మంచిదే.

తరగతి అంతా తెలుగులోనే నడపమని నా ఉద్దేశం కాదు. స్పానిష్ వినబడాలి, పిల్లల నోట పలకాలి. కాని చిక్కుముడి పడినప్పుడు దాన్ని విప్పడానికి ఇంగ్లీషు ఒక్కటే సాధనమనుకుంటే, ఇంగ్లీషు బడిలో చదవని పిల్లలందరికీ మరో భాష తలుపు కూడా మూసినట్టే. వాళ్ళు తెలివి తక్కువై వెనకబడరు, మనం అడ్డదారి పట్టించడం వల్ల వెనకబడతారు.

ఆ కుర్రాడు మళ్ళీ తరగతికి రాలేదు. నేను వెళ్ళేసరికే ఊళ్ళో వేరే పనిలో కుదురుకున్నాడు. అతనికి నేనిచ్చుకోగల సమాధానం లేదు. కాని ఆ తరువాత నా దగ్గర శిక్షణ పొందిన ప్రతి ఎం.ఏ. విద్యార్థికీ తొలిరోజు ‘మే గుస్తా’ రాసి, దీన్ని ఇంగ్లీషు ఎత్తకుండా చెప్పండి అని సుద్దముక్క చేతికిస్తున్నాను. కొందరు క్షణంలో ‘నాకు నచ్చుతుంది’ అంటారు. కొందరు చాలాసేపు నిలబడిపోతారు. అలా నిలబడిపోయినవారికి బగ్దల్ అవ్వ చెప్పిన పాలు, హాలు సంగతి చెబుతాను.