పెన్సిల్ పట్టించకుండా పిల్లలకి "మ" నేర్పిద్దాం: ఇంట్లో ఆడుకునే 6 ఆటలు

 

ఈ రోజు టాపిక్ వినగానే కొంతమంది స్క్రోల్ చేసేస్తారని నాకు తెలుసు. "నాకు పెళ్లే కాలేదు, పిల్లలకి అక్షరాలు నేర్పడం నాకెందుకు బ్రో" అనుకుంటారు. ఒక్క నిమిషం ఆగండి. నాకూ పెళ్లి కాలేదు. కానీ మీ ఇంట్లో అక్క కొడుకో, అన్న కూతురో, పక్క ఫ్లాట్‌లో ఒక చిన్న పిల్లో ఉండే ఉంటుంది కదా. వాళ్ల చేతికి మనం ఇచ్చేది ఏంటి? ఫోన్. ఆ ఫోన్ ఇచ్చే 10 నిమిషాల్లో ఇంకేం చేయొచ్చో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను. ముందు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే ఈ ఆటలన్నీ ఆ తప్పులోంచే వచ్చాయి.

మా అక్క కూతురికి నాలుగున్నరేళ్లు. ఇంట్లో బుజ్జి అంటాం. నేను జాబ్ మానేసి వీడియోలు చేస్తున్నానని మీకు తెలుసు. ఎండాకాలం సెలవుల్లో అక్క ఏమందంటే, "రోజంతా ఇంట్లోనే ఉంటావు కదరా, దీనికి తెలుగు అక్షరాలు నేర్పు." సరే అన్నాను. బీటెక్ చదివాం, అంత పెద్ద కోడ్ రాశాం, 56 అక్షరాలు ఎంత పని అనుకున్నాను.

కొత్త నోట్‌బుక్ కొన్నాను. మొదటి లైన్‌లో "మ" రాసి, పేజీ నిండా దించమన్నాను. రెండు రోజులు ఏదోలా రాసింది. మూడో రోజు అడిగాను, "మ తో మొదలయ్యే మాట ఒకటి చెప్పు."

"మామిడికాయ" అంది, వెంటనే.

"కాదు, అది మా. మ తో చెప్పు."

"మిరపకాయ."

"అది మి."

కొంచెంసేపు ఆలోచించి, నా మొహం చూసి, "మామ" అంది. నేను "అదీ మా నే కదా" అన్నాను.

అంతే. నోట్‌బుక్ మూసేసింది. "నాకు తెలుగు రాదు మామా" అని లేచి వెళ్లిపోయింది.

ఆ మాట అన్నది ఏ భాషలో? తెలుగులోనే. ఒక్క తప్పు లేకుండా. పొద్దున లేచిన దగ్గర్నుంచి తెలుగులో గొడవ చేసే పిల్ల, నాలుగున్నరేళ్లకే "నాకు తెలుగు రాదు" అని డిసైడ్ అయిపోయింది. అలా డిసైడ్ చేయించింది స్కూల్ కాదు, ఇంగ్లిష్ మీడియం కాదు. నేను. మూడు రోజుల్లో.

ఆ రాత్రి ఒక వీడియోకి సబ్‌టైటిల్స్ టైప్ చేస్తున్నాను. అందులో "మామిడి" అనే మాట వచ్చింది. మీరు కూడా ఇప్పుడే తెలుగు కీబోర్డులో మామిడి అని కొట్టి, బ్యాక్‌స్పేస్ మెల్లగా ఒక్కొక్కసారి నొక్కండి. చాలా కీబోర్డుల్లో అక్షరం మొత్తం ఒకేసారి పోదు. ముందు డి లో గుడి పోతుంది, తర్వాత డ పోతుంది. అలా వెళ్తూ ఉంటే చివర్లో "మా" మిగులుతుంది, అందులో దీర్ఘం పోతే "మ" మిగులుతుంది. యూనికోడ్‌లో "మా" అంటే 2 ముక్కలు. మ కి ఒక నంబరు, దీర్ఘానికి ఇంకో నంబరు. అంటే ఫోన్ లెక్కలో కూడా మామిడి మొదలయ్యేది మ తోనే!

బుజ్జి కరెక్ట్. దాని చెవి కరెక్ట్. నేనే, కామా మిస్ అయితే ఎర్రర్ కొట్టే కంపైలర్‌లాగా కూర్చున్నాను. మర్నాడు పొద్దున సారీ చెప్పాను. నోట్‌బుక్ అటక మీద పెట్టేశాను. తర్వాత 2 వారాలు, రోజుకి 10 నిమిషాలు, ఈ ఆటలు ఆడాం. అక్షరం ఒక్కటే, మ.

ఆట 1: చెవితో వేట

అక్షరం ఇంకా చూపించొద్దు. ముందు శబ్దం. పెదాలు మూసి "మ్మ్మ్" అని, తెరిచి "మ" అనండి. అద్దం ముందు నిలబెట్టి ఆ పెదాలు చూపించండి, పిల్లలు తెగ నవ్వుతారు. తర్వాత ఇల్లంతా తిరిగి మ తో మొదలయ్యే వస్తువుల మీద చెయ్యి వేయాలి. మంచం, మజ్జిగ, మల్లెపూలు, బాత్‌రూమ్‌లో మగ్గు, అమ్మమ్మ మందుల డబ్బా. మామిడి, మిరపకాయ, ముగ్గు అన్నా ఒప్పుకోండి. "అవును, మ వాళ్ల చుట్టాలే" అనండి చాలు. గుణింతం తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ తెలుగుకి ఒక ప్లస్ పాయింట్ ఉంది. ఇంగ్లిష్‌లో అక్షరం పేరు "ఎమ్", శబ్దం వేరు. పిల్లలు రెండూ గుర్తు పెట్టుకోవాలి. మనకి అక్షరం పేరే దాని శబ్దం.

ఆట 2: ముగ్గులో నడక

బాల్కనీలోనో వాకిట్లోనో ముగ్గుపిండితో ఒక పెద్ద మ వేయండి. మంచం అంత పెద్దది. రాయడం మొదలెట్టే చోట ఒక పువ్వు పెట్టండి. పిల్ల అక్కడ నిలబడి, గీత మీదే నడుచుకుంటూ, మలుపు తిరిగి, చివరిదాకా రావాలి. తలకట్టు దగ్గరకి వచ్చాక "టోపీ పెట్టేశాం" అని ఒక గెంతు. చేతికి తెలియకముందే మలుపులు కాళ్లకి తెలుస్తాయి. ముగ్గుపిండి లేకపోతే చాక్‌పీస్ చాలు.

ఆట 3: పళ్లెంలో రవ్వ

ఇది కొత్తదేం కాదు. అక్షరాభ్యాసం రోజు మన ఇళ్లలో పళ్లెంలో బియ్యం పోసి, పిల్లల చూపుడు వేలు పట్టుకుని రాయిస్తారు కదా. అదే. తేడా ఏంటంటే, మనం ఆ ఒక్క రోజు చేసి, ఫొటో దిగి, మర్నాటి నుంచి పెన్సిల్ ఇచ్చేస్తాం. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి పిల్లల బడి తెరిచారు. ఆమె పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాలుంటాయి, పిల్లలు వాటి మీద వేలితో తడుముతారు. మన బియ్యం పళ్లెం కూడా చేసేది ఆ పనే.

స్టీలు పళ్లెంలో పల్చగా బొంబాయి రవ్వ పరవండి. వేలితో మ గీయాలి. తప్పు పోతే పళ్లెం అటూ ఇటూ ఊపితే చెరిగిపోతుంది. బుజ్జికి బాగా నచ్చింది ఇదే. నోట్‌బుక్‌లో తప్పు అలాగే ఉండిపోతుంది, రవ్వలో ఉండదు.

ఆట 4: చపాతీ పిండి మ

నా ఫేవరెట్ ఇది. చపాతీ పిండిని సన్నగా తాడులాగా చేయండి. ముందు దాంతో వ చేయండి, తలకట్టుతో సహా. ఇప్పుడు చిన్న ముక్క తీసుకుని పక్కన తోకలాగా పైకి తిప్పి అతికించండి. వ కాస్తా మ అయిపోయింది! తోక తీసేస్తే మళ్లీ వ. బుజ్జి ఇది ఒక 20 సార్లు చేసింది, పిండి నల్లబడేదాకా.

పెద్దవాళ్లకి ఒక చిన్న విషయం. ఫోన్‌లో "కు, మ, వు" పక్కపక్కన టైప్ చేసి జూమ్ చేయండి. కు లో కొమ్ము పక్కనుంచి వస్తుంది. వు లో కింద నుంచి లేస్తుంది. వ కి కూడా పక్కనుంచే పెడితే అది మ లాగే కనిపించేది కదా. ఇన్నేళ్లూ చదువుతున్నాను, నేనెప్పుడూ గమనించలేదు. పిండి ముద్దతో కూర్చున్నాకే చూశాను.

చివరి మ ని అమ్మమ్మ పెనం మీద కాల్చి, కొంచెం నెయ్యి రాసి ఇచ్చింది. ముందు తోక తినేసి, "అమ్మమ్మా, ఇప్పుడు ఇది వ" అంది.

ఇంకో లాభం ఏంటంటే, పిండి నలిపితే వేళ్లకి బలం వస్తుంది. బఠాణీలు ఒలిపించడం, తోటకూర తుంచడం కూడా అంతే. పెన్సిల్ పట్టుకోవాల్సింది ఆ వేళ్లతోనే.

ఆట 5: వ మీదా, మ మీదా?

పెద్ద కాగితాలు రెండు తీసుకుని, ఒకదాని మీద వ, ఒకదాని మీద మ రాసి నేలకి టేప్‌తో అతికించండి. టేప్ మర్చిపోవద్దు, కాగితం జారితే పడిపోతారు. మీరు మాట చెప్తే పిల్ల ఆ అక్షరం మీదకి గెంతాలి. వంకాయ, మంచం, వడ, మట్టి, వల, మంట. తర్వాత రోల్స్ మార్చండి. పిల్ల చెప్తుంది, మీరు గెంతాలి. మధ్యలో కావాలనే తప్పు గెంతండి. మామయ్యని పట్టుకుని "తప్పు!" అని అరవడంలో ఉన్న ఆనందం ఇంకెందులోనూ ఉండదు.

ఆట 6: మరమరాలు

మాటలోనే రెండు మ లున్నాయి. కాగితం మీద పెద్ద మ గీసి, గీత వెంబడి ఒక్కొక్క మరమరం పేర్చాలి. పూర్తయ్యాక తినేయాలి. చాలామంది దీనికి శనగలు, రాజ్మా, పూసలు వాడతారు. చిన్నపిల్లలతో వద్దండి. ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు. ఇంకా చిన్నవాళ్లు ఇంట్లో ఉంటే మరమరాలు కూడా వద్దు, చాక్‌పీస్‌తో సరిపెట్టుకోండి. ఏదైనా సరే, ఆట అయ్యేవరకు పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

ఇవీ ఆటలు. ఇప్పుడు 3 రూల్స్.

ఒకటి, 10 నిమిషాలు దాటొద్దు. పిల్లలు "ఇంకోసారి" అంటున్నప్పుడే ఆపేయండి. రేపు వాళ్లే అడుగుతారు.

రెండు, ఒక అక్షరం బాగా వచ్చేదాకా రెండోది మొదలెట్టొద్దు. అ నుంచే మొదలెట్టాలనేం లేదు. పిల్లలు రోజూ పలికే మాటలోంచి అక్షరం తీసుకోండి.

మూడు, "తప్పు" అనే ముందు మూడు లెక్కపెట్టండి. ఆ మూడు సెకన్లలో పిల్లలు ఎందుకు అలా అన్నారో మీకే అర్థమవుతుంది. ఇది నాకు నేను పెట్టుకున్న రూల్.

ఎందుకింత కష్టం, స్కూల్లో చెప్తారు కదా అంటారా? చెప్తారు. తెలంగాణలో 2018లో చట్టం వచ్చింది, ఏ బోర్డు స్కూల్ అయినా 1 నుంచి 10 వరకు తెలుగు తప్పనిసరి. అంటే ఒకటో తరగతిలో బుజ్జికి మ ఎలాగూ ఎదురవుతుంది. అప్పుడు "ఓ, నువ్వా!" అనుకుంటుందా, "నాకు రాదు" అనుకుంటుందా, అదే తేడా. అక్షరం స్కూల్ నేర్పగలదు. మనం పోగొట్టిన ధైర్యాన్ని తిరిగి తేవడం ఏ టీచర్‌కైనా కష్టమే.

సరే, చివరికి ఏమైందో చెప్పి ముగిస్తాను.

రెండు వారాలు అయ్యాక ఒక ఆదివారం బుజ్జిని తీసుకుని మెట్రో ఎక్కాను. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ లైన్. నేను ఏమీ చెప్పలేదు. మలక్‌పేటలో రైలు ఆగగానే అద్దానికి ముక్కు ఆనించి, "మామా, మ!" అని అరిచింది. బోగీలో సగం మంది తిరిగి చూశారు. బోర్డు మీద మొదటి అక్షరం, ఏ దీర్ఘం లేకుండా, అచ్చమైన మ.

తిరిగి వచ్చేటప్పుడు మూసాపేట బోర్డు చూసింది. "ఇది కూడా మ నే. కానీ దీనికి పక్కన ఏదో ఉంది" అంది. మియాపూర్‌లో దిగాక బోర్డు కింద చాలాసేపు నిలబడింది. "మామా, ఈ మ టోపీ మార్చుకుంది."

తలకట్టు పోయి గుడి వచ్చింది. గుణింతం అంటే ఇంతే కదా ఫ్రెండ్స్! నేను చెప్పలేదు, తనే చూసింది. మూడు వారాల క్రితం "అది మి" అని నేను కొట్టిపారేసిన మిరపకాయ ఆ బోర్డు మీద నన్ను చూసి నవ్వినట్టు అనిపించింది.

బుజ్జికి మ రాయడం ఇంకా సరిగ్గా రాదు. తలకట్టు ఒక్కోసారి అక్షరాన్ని వదిలేసి ఎటో ఎగిరిపోతుంది. పర్లేదు. "నాకు తెలుగు రాదు" అన్న మాట మాత్రం మళ్లీ అనలేదు. నిన్న వచ్చి, "మామా, ఇప్పుడు ర నేర్పు, మరమరాల్లో మిగిలింది అదే కదా" అంది.

మీకు హోంవర్క్. ఈ వారం మీ ఇంట్లో చిన్నవాళ్లతో ఒక అక్షరం, ఒక ఆట, 10 నిమిషాలు. ఏ అక్షరం తీసుకున్నారో, పిల్లలు ఏమన్నారో కామెంట్‌లో రాయండి. వీలైతే తెలుగు లిపిలో రాయండి. నేను కూడా మొన్నటిదాకా మా అమ్మ తెలుగులో మెసేజ్ పెడితే ఇంగ్లిష్ అక్షరాల్లో రిప్లై ఇచ్చేవాణ్ని, ఇప్పుడు మార్చుకుంటున్నాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ర తో కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను, బై.