దొర సారా, యూదుడి సత్రం



మా మాస్టారు ఐరోపా చరిత్ర చెప్పేటప్పుడు ఆ యేడు పంట ఎలా పండింది, దాన్ని ఎవరు కొన్నారు, ఆ డబ్బు చివరికి ఎవరికి ముట్టింది అన్న దగ్గర మొదలుపెట్టేవారు. రాజుల పేర్లు ఆ తర్వాతెప్పుడో వచ్చేవి. ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు ఆ పద్ధతికి తగిన విషయం కోసం వెతికి, పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల నాటి పోలండ్–లిథువేనియా రాజ్యంలోని సారా సత్రాన్ని ఎంచుకున్నాను. ఆ సత్రం దొరది. అందులో అమ్మే సారా దొరది. అమ్మేవాడు యూదుడు. తాగేవాడు క్రైస్తవ రైతు. ఈ ముగ్గురి లెక్కే ఇవాళ్టి నా ఉపన్యాసం.

ఆ రాజ్యం చాలా పెద్దది. ఇవాళ్టి లిథువేనియా, బెలారూస్, పోలండ్‌లో అత్యధిక భాగం, ఉక్రెయిన్‌లో సగానికి సగం దాని కిందే ఉండేవి. అక్కడి భూస్వాములకు తమ భూముల్లో సారా, బీరు, తేనెతో చేసే మద్యం తయారుచేసి అమ్ముకునే హక్కు ఉండేది. ఆ హక్కు పేరు ప్రొపినాత్సియా. దొర పొలంలో వారానికిన్ని రోజులు వెట్టి చేసే రైతు దొర సత్రంలోనే తాగాలి. పక్క ఎస్టేటు సారా తెస్తే శిక్ష. కొన్నిచోట్ల ఇంటికి ఇంత సారా కొని తీరాలని కూడా నియమం పెట్టారు.

దొరలకు సారా మీద ఇంత ఆశ ఎందుకు పుట్టింది? పదహారో శతాబ్దంలో వాళ్ల గోధుమలు, రై ధాన్యం విస్తులా నది మీద పడవల్లో గ్దాన్స్క్ రేవుకు, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లేవి. పదిహేడో శతాబ్దం మధ్యలో యుద్ధాలు వచ్చి ఆ వర్తకం దెబ్బతింది. నదికి దూరంగా ఉన్న ఎస్టేట్లకు ధాన్యాన్ని రేవుకు చేర్చే ఖర్చే తడిసి మోపెడయ్యేది. ఆ ధాన్యాన్నే బట్టీ పెట్టి తమ రైతుకే అమ్మితే? రైతు పండించిన గింజ రైతు చేతికే సారాగా వచ్చి, వాడి దగ్గరున్న నాలుగు నాణేలూ దొరకు చేరేవి. రాజు ఎస్టేట్ల రాబడిలో 1564లో మద్యం వాటా నూటికి ఒక వంతు కూడా లేదు. 1764 నాటికి అది మూడో వంతు దాటింది.

దొర తానే కూర్చుని అమ్మడు. వర్తకం అతని హోదాకు తగదు. రైతుకు చదువు లేదు, పెట్టుబడి అంతకంటే లేదు. యూదుడికి లెక్కలు వచ్చు, బంధువుల దగ్గర అప్పు పుడుతుంది, నగరాల్లో వృత్తి సంఘాలు రానివ్వకపోవడంతో దొరల సొంత ఊళ్లకు వచ్చి స్థిరపడ్డాడు. గ్లెన్ డిన్నర్ అనే చరిత్రకారుడు ఇంకో కారణం చూపించాడు: యూదుడు తాగడు, సరుకు తానే తాగి నష్టం తేడు అన్న గట్టి నమ్మకం దొరల్లో ఉండేది. అలా సత్రం గుత్తకు వెళ్లింది. మూడేళ్లకో, ఏడాదికో గుత్త. పాట పెంచేవాడు పక్కనే కాచుకుని ఉండేవాడు. అందుకే యూదుల సంఘాలు, ఒకడి చేతిలో ఉన్న గుత్తను మరో యూదుడు పాట పెంచి లాక్కోకూడదని కట్టుబాటు పెట్టుకున్నాయి. గుత్త డబ్బు సమయానికి కట్టకపోతే దొర గుత్తేదారును పెళ్లాం బిడ్డలతో సహా ఖైదులో వేయించవచ్చు.

ఈ బతుకు లోపలి నుంచి ఎలా ఉండేదో సాలమన్ మైమోన్ రాశాడు. 1753లో లిథువేనియా పల్లెలో పుట్టి, బెర్లిన్ చేరి కాంట్ తత్వశాస్త్రం మీద విమర్శ రాసి పేరు తెచ్చుకున్నవాడు. 1790లలో జర్మన్ భాషలో వచ్చిన అతని ఆత్మకథలో వాళ్ల తాత కథ ఉంది. నీమన్ నది ఒడ్డున రాడ్జివిల్ ప్రభువుల పల్లెలను తాత గుత్తకు తీసుకున్నాడు. అక్కడొక శిథిలమైన వంతెన. ఒప్పందం ప్రకారం మరమ్మతు దొరదే, దొర పట్టించుకోడు. అటుగా వచ్చిన ఏ ప్రభువు బండి చక్రమైనా విరిగితే గుత్తేదారును ఈడ్చుకొచ్చి కొట్టేవారు. అందుకని ఆ ఇంట్లో ఒకరు ఎప్పుడూ వంతెన దగ్గర కాపలా ఉండేవారు. బండి కూరుకుపోయిందంటే పరుగున వచ్చి చెప్పాలి, ఇంటిల్లిపాదీ అడవిలోకి పారిపోవాలి. రైతు కళ్లకు దొరతనం చెలాయించేవాడిగా కనిపించిన మనిషి, దొర బండి చప్పుడుకు పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తేవాడు. ఈ కథ చదివాక ఆ వ్యవస్థ గురించి వేరే వివరణ నాకు అక్కర్లేకపోయింది.

ఇక సత్రం లోపలికి వెళదాం. కలపతో కట్టిన పొడుగాటి ఇల్లు. బండి నేరుగా లోపలికి వచ్చేంత పెద్ద తలుపు, ఒక పక్క గుర్రాల కొట్టం, ఒక పక్క బల్లలు, పొయ్యి, ఆ వెనక గుత్తేదారు సంసారం. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిసిందంటే ఊరు ఊరంతా అక్కడే. పెళ్లి బేరాలు, నామకరణం విందులు, పశువుల అమ్మకాలు, తగవులు అన్నీ ఆ బల్లల దగ్గరే. ఉప్పు, మేకులు, ఎండు చేపలు అక్కడే దొరికేవి. చేతిలో డబ్బు లేని రైతుకు అప్పు, గోడ మీద సుద్దముక్కతో గీసిన గీత. చాలా సత్రాలను నడిపింది ఆడవాళ్లు. భర్త ధాన్యం కొనడానికి తిరుగుతుంటే, భార్య ఇంట్లో యీడిష్, దొర గుమాస్తాతో పోలిష్, రైతులతో వాళ్ల భాష మాట్లాడుతూ వ్యాపారం చూసుకునేది. మైమోన్ అత్తగారు నెస్విజ్‌లో నడిపింది కూడా అలాంటి సత్రమే. హసిదీ భక్తి ఉద్యమానికి మూలపురుషుడైన బాల్ షెమ్ తొవ్ ఏకాంతంలో ధ్యానం చేసుకుంటుంటే భార్యే సత్రం నడిపి కుటుంబాన్ని పోషించిందని ఆయన భక్తులు చెప్పుకుంటారు.

రెండు మతాల పంచాంగాలూ ఆ ఇంట్లోనే కలిసేవి. శనివారం యూదుడికి విశ్రాంతి దినం, వ్యాపారం చేయకూడదు. ఆ రోజు రాబడి క్రైస్తవ భాగస్వామిదిగా రాసుకునే ఏర్పాట్లు వచ్చాయి. యూదుల పాస్కా పండుగ ఎనిమిది రోజులూ ధాన్యంతో పులియబెట్టిన ఏ పదార్థమూ యూదుడి సొత్తుగా ఉండకూడదు. పీపాల కొద్దీ సారా ఉన్నవాడు ఏం చేయాలి? జోయెల్ సిర్కెస్ అనే పండితుడు (1561–1640) ఈ గుత్తేదారుల గోడు విన్నాడు: పీపాలను కదిలించక్కర్లేదు, అవి ఉన్న గదితో సహా క్రైస్తవుడికి అమ్మేయండి అని దారి చూపాడు. ఆ ఎనిమిది రోజులూ ఆ సరుకంతా పొరుగువాడి సొత్తు. పొరుగువాడి మీద ఎంతో కొంత నమ్మకం లేనిదే ఇలాంటి ధర్మశాస్త్రం పుట్టదని నా అభిప్రాయం.

శనివారం పొయ్యి వెలిగించడానికి క్రైస్తవ పనిమనిషి వచ్చేది. క్రైస్తవులు యూదుల ఇళ్లలో పనిచేయరాదని చర్చి ఎన్నోసార్లు నిషేధించింది. 1751లో పోప్ పద్నాలుగో బెనెడిక్ట్ పోలండ్ బిషప్పులకు ప్రత్యేకంగా లేఖ రాస్తూ, సత్రాలు యూదుల చేతుల్లో ఉండడాన్నీ ఈ కొలువులనూ తప్పుపట్టాడు. నిషేధం మళ్లీ మళ్లీ వచ్చిందంటే పనిమనిషి కూడా మళ్లీ మళ్లీ వచ్చిందనే అర్థం.

ఈ పొరుగుతనాన్ని తీపి జ్ఞాపకంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. 1648లో ఖ్మెల్నిత్స్కీ నాయకత్వంలో ఉక్రెయిన్ కొసాకు యోధులు, రైతులు పోలిష్ దొరల మీద తిరగబడినప్పుడు వేలాది మంది యూదులు హతమయ్యారు. దొర కోట గోడల వెనక ఉన్నాడు, గుత్తేదారు ఊరి మధ్యలో చేతికి అందేంత దూరంలో ఉన్నాడు. 1753లో జిటోమిర్‌లో క్రైస్తవ పసివాణ్ణి చంపారన్న అబద్ధపు నింద మోపి యూదులను హింసించి చంపారు. నిన్న అప్పిచ్చిన ఇంటి మీదే ఇవాళ ఆ నింద పడవచ్చు.

1772 నుంచి 1795 లోపు ఆ రాజ్యాన్ని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. కొత్త పాలకులకు రైతుల తాగుడు కనిపించింది, దానికి కారణంగా యూదుడు కనిపించాడు. దొర బట్టీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 1804లో రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ పల్లెల్లో యూదులు సత్రాలు నడపరాదని శాసించాడు. కుటుంబాలను ఖాళీ చేయించడం మొదలుపెట్టి, ఆ గందరగోళం చూసి ఆపేయవలసి వచ్చింది. రష్యా కింద ఉన్న పోలండ్‌లో లైసెన్సు ఫీజులు, నిషేధాలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. అయినా ఎంతోమంది యూదులు సత్రాలు వదల్లేదని డిన్నర్ పత్రాలతో నిరూపించాడు: కాగితం మీద క్రైస్తవుడి పేరు, పని చేసేది యూదుడు, అంతా తెలిసి కళ్లు మూసుకునేది దొర. ఆదాయం కావాలిగా. పోలిష్ కవి మిట్స్కెవిచ్ 1834లో పారిస్‌లో అచ్చువేసిన ‘పాన్ తదేయుష్’ కావ్యంలో సత్రం నడిపే యాంకియెల్ సంతూర్ వంటి తంత్రీవాద్యం వాయించే దేశభక్తుడు. పోలిష్ బడి పిల్లలు ఇప్పటికీ అతని గురించి చదువుతారు. కావ్యంలో అంత గౌరవం దక్కిన కాలంలోనే బయట అతని వృత్తి చట్టవిరుద్ధమవుతోంది.

తాగుడు తగ్గించడానికి నిజంగా కష్టపడినవాళ్లూ ఉన్నారు. 1858 నుంచి లిథువేనియాలో బిషప్ వాలంచియుస్ నడిపిన మద్యపాన వ్యతిరేక సంఘాల్లో జనం తండోపతండాలుగా చేరారు. ఆ ఉద్యమాన్ని అణచివేసింది రష్యా ప్రభుత్వమే. తర్వాత 1890లలో ఆ ప్రభుత్వమే సారా అమ్మకాన్ని తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. తాగుడు పోలేదు, యూదుల సత్రాలు పోయాయి.

ఆస్ట్రియా కింద ఉన్న గలీషియాలో లెక్క ఇంకా స్పష్టంగా తేలింది. అక్కడ ప్రొపినాత్సియా హక్కును వదులుకున్నందుకు దొరలకు ప్రభుత్వం బాండ్ల రూపంలో నష్టపరిహారం చెల్లించింది. 1910 చివరితో పాత గుత్తలు రద్దయి, లైసెన్సులు పోగొట్టుకున్న వేలాది యూదు కుటుంబాలు వీధిన పడ్డాయి. వాళ్లలో చాలామంది హాంబుర్గ్, బ్రెమెన్ రేవుల్లో ఓడెక్కి అమెరికా దారి పట్టారు.